జీఎస్టీ పోయినా ప్రీమియం పెరిగిందేమిటి?

ప్రశ్న: హనుమకొండలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నాకు 61, మా ఆవిడకు 57. ఇద్దరికీ కలిపి 10 లక్షల ఆరోగ్య బీమా (ఫ్లోటర్) పాలసీ ఉంది. నాకు షుగర్. 2025 మార్చిలో 35,400 కట్టాను, ఈ మార్చికి 42,000 కట్టమంటున్నారు. ఇలా పెంచుకుంటూ పోతే అడిగేవాళ్లు లేరా? పాలసీ మానేసి ఏటా ఆ డబ్బు బ్యాంకులో వేసుకుంటే పోలా?

జవాబు: మాస్టారూ, మీకు పెరిగింది 6,600 కాదు. పోయినేడు మీరు కట్టిన 35,400లో 5,400 జీఎస్టీ, అసలు ప్రీమియం 30,000. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకు జీఎస్టీ తీసేశారు. అంటే ఇప్పుడు అడుగుతున్న 42,000 మొత్తం ప్రీమియమే. అసలు పెరుగుదల 12,000, నూటికి 40. పన్ను తగ్గడంతో అది కంటికి ఆనలేదు, అంతే. లెక్కల మాస్టారికే ఇలా అయితే మిగతావాళ్ల సంగతేంటి!

అడిగేవాళ్లు ఉన్నారు. 60 దాటినవాళ్లకు ఏడాదిలో 10 శాతానికి మించి ప్రీమియం పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని బీమా రంగాన్ని నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో కంపెనీలను ఆదేశించింది. కాబట్టి కంపెనీకి ఈమెయిల్ పెట్టండి: ఈ పెంపులో వయసు మారినందుకు ఎంత, రేట్లు సవరించినందుకు ఎంత, 10 శాతం దాటినందుకు ఐఆర్‌డీఏఐని సంప్రదించారా? ఫోన్లో అడిగితే తియ్యగా మాట్లాడి పెట్టేస్తారు, రాతలోనే అడగాలి. సరైన జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఆ తర్వాత హైదరాబాద్‌లోని బీమా తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, అక్కడ పైసా ఖర్చు లేదు.

ఇంతా చేసి ఐఆర్‌డీఏఐ చెయ్యి ఆస్పత్రి గుమ్మం దాకానే వెళ్తుంది. ఆ మధ్య మా అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ కోసం వెళ్తే, రేటు చెప్పకముందే కౌంటర్లో అమ్మాయి అడిగిన మొదటి మాట, ‘ఇన్సూరెన్సా, క్యాషా సార్?’ దాన్నిబట్టి రేటు మారింది. ఐఆర్‌డీఏఐ అదుపు కంపెనీల మీదే, ఆ కౌంటర్ మీద కాదు. అక్కడ పెరిగిన బిల్లే ఏడాది తిరిగేసరికి మీ ప్రీమియంలో తేలుతుంది. నా దృష్టిలో ప్రభుత్వం అసలు చూడాల్సింది అక్కడ, ఇంకా సరిగ్గా చూడటం లేదు.

ఇక పాలసీ మానేయడం. వద్దండీ. ఏటా 42,000 చొప్పున 7 శాతం వడ్డీకి వేసినా పదేళ్లకు ఆరు లక్షల పైచిలుకు అవుతుంది. రెండో ఏట గుండెకు స్టెంట్ వేయాల్సి వస్తే? అప్పటికి బ్యాంకులో ఉండేది 87 వేలు. పైగా ఇప్పుడు వదిలేస్తే, షుగర్ ఉన్న 61 ఏళ్ల మనిషికి కొత్త పాలసీ ఇవ్వాలా వద్దా అన్నది కొత్త కంపెనీ ఇష్టం. ఉన్న కంపెనీ మాత్రం క్లెయిమ్‌లు చేశారన్న కారణంతో రెన్యూవల్ కాదనడానికి వీల్లేదు. ఆ హక్కును చేజార్చుకోకండి.

భారం తగ్గించుకునే దారి ఇంకోటుంది. ఉన్న పాలసీని 5 లక్షలకు తగ్గించి, ఆ 5 లక్షలు దాటాక పనికొచ్చే సూపర్ టాప్-అప్ తీసుకోవచ్చు. చాలాసార్లు రెండూ కలిపినా ఒక పెద్ద పాలసీ కన్నా చవక. అయితే వరస ముఖ్యం: ముందు టాప్-అప్ చేతికి రావాలి, తర్వాతే పాత పాలసీ తగ్గించాలి. టాప్-అప్‌లో షుగర్‌కు మూడేళ్ల దాకా వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉండొచ్చు, అది గడిచేదాకా ఓపిక పడితే ఇంకా మంచిది. ఈలోగా పాలసీలో గది అద్దె పరిమితి ఎంతో ఒకసారి చూడండి. దాన్ని మించిన గదిలో చేరితే, అద్దెలో తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు లాంటివాటిలోనూ అదే నిష్పత్తిలో కోత పెట్టే పాలసీలున్నాయి.

70 నిండాక ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల దాకా ఉచిత వైద్యానికి ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, మీకది ఇంకా తొమ్మిదేళ్ల మాట. ఈ మార్చికి మాత్రం గడువులోగా డబ్బు కట్టేయండి, కంపెనీతో పోట్లాట ఆ తర్వాతైనా సాగుతుంది.