ఏ కాల్షియం మంచిదో తర్వాత చూద్దాం, ముందు ఆ తెల్ల మాత్ర ఏమిటో తెలియాలి

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. ఏడాదిగా కాల్షియం మాత్రలు వాడుతున్నా నడుము నొప్పి తగ్గడం లేదు. కీళ్ల నొప్పులకు మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల మాత్ర రెండేళ్లుగా రోజూ ఉదయం వేసుకుంటున్నాను. అది వేసుకుంటేనే పని చేసుకోగలుగుతున్నాను. 38వ ఏట గర్భసంచి తీసేశారు. నిరుడు వాకిట్లో జారిపడి మణికట్టు విరిగితే నాటు కట్టు కట్టించుకున్నాను, అతుక్కుంది. ఈ మధ్య నడుము వంగుతోందని పిల్లలు అంటున్నారు. కాల్షియంలో ఏ కంపెనీది మంచిది? రాగిజావ తాగుతూ మాత్రలు మానేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగిన కాల్షియం విషయం చివర్లో చెబుతాను. మీరు మామూలు విషయంలా రాసిన ఆ తెల్ల మాత్రే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. నేను దాన్ని చూడలేదు కాబట్టి అది ఫలానా మందేనని ఇక్కడ రాయడం సరి కాదు. అయితే పేరు తెలియకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్ర, వేసుకున్న కొన్ని గంటల్లోనే కీళ్ల బిగుతు వదిలి, ఆకలి పెరిగి, ఒళ్లు తేలికపడేలా చేస్తోందంటే అది ప్రెడ్నిసొలోన్ లేదా డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ కావచ్చని ఏ వైద్యుడైనా ముందుగా అనుమానిస్తాడు. ఈ రెండేళ్లలో ముఖం గుండ్రంగా ఉబ్బిందా, కొద్దిగా తగిలినా చర్మం కమిలి నల్లబడుతోందా, కింద కూర్చుంటే చేతులు ఊనకుండా లేవలేకపోతున్నారా, షుగర్ కొత్తగా కనిపించిందా అన్నది గమనించుకోండి. వీటిలో కొన్ని ఉన్నా నా అనుమానం మరింత బలపడుతుంది.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, ఆస్తమాలో, ఇంకా ఎన్నో జబ్బుల్లో మేమే రాస్తాం. కానీ ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఎలా తగ్గించాలి అన్న లెక్కతో రాస్తాం, ఎముకలకు రక్షణ కూడా చూసుకుంటాం. ప్రెడ్నిసొలోన్ రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున 3 నెలలు దాటి వాడినా ఎముక విరిగే ముప్పు పెరుగుతుంది, నష్టం మొదటి కొన్ని నెలల్లోనే వేగంగా జరుగుతుంది. కొత్త ఎముకను కట్టే కణాల పనిని ఈ మందు తగ్గిస్తుంది, పేగుల్లో కాల్షియం ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది, మూత్రంలో కాల్షియం పోవడాన్ని పెంచుతుంది. మీ మాత్ర అదే అయితే, ఏడాదిగా మీరు మింగుతున్న కాల్షియం చిల్లుకుండలో పోసిన నీళ్లలా అయివుంటుంది. ఇచ్చినాయన మీ బాధ తగ్గించాలనే ఇచ్చి ఉండవచ్చు. కానీ రెండేళ్లపాటు రోజూ వేసుకునే మందు పేరేమిటని మీరు ఒక్కసారైనా అడగకపోవడం, ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉండి కూడా అడగకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

ఇది చదివి భయపడి రేపటి నుంచి ఆ మాత్ర మానేయకండి. ఈ జవాబులో మిగతాది మరిచిపోయినా ఈ మాట మాత్రం గుర్తుంచుకోండి. నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవారిలో శరీరం సొంతంగా తయారు చేసుకునే కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్ తగ్గిపోతుంది. మందును ఉన్నట్టుండి ఆపితే తీవ్రమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం వంటివి వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. మాత్ర స్ట్రిప్ గానీ, అది లేకపోతే ఒక మాత్రను గానీ తీసుకుని ఈ వారంలోనే జనరల్ ఫిజీషియన్‌ను కలవండి. అవసరమైతే వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు. అసలు ఆ కీళ్ల నొప్పులు దేనివల్ల వచ్చాయో కూడా అప్పుడే తేలాలి. రెండేళ్లుగా నొప్పి అణిగిందే తప్ప జబ్బు పేరు ఎవరూ చెప్పినట్టు మీ ఉత్తరంలో లేదు.

ఇక మణికట్టు సంగతి. నిలబడిన ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే, ముఖ్యంగా 50 ఏళ్లు దాటిన స్త్రీలో, దాన్ని ఎముక బలహీనతకు హెచ్చరికగానే మేం చూస్తాం. అతుక్కుందని మీరు ఊరుకున్నారు, కానీ అంత తేలికగా ఎందుకు విరిగిందన్నది ఎవరూ చూడలేదు. నడుము వంగడం కూడా వయసుతో వచ్చేదేనని సరిపెట్టుకోకండి. గుల్లబారిన వెన్నుపూస కింద పడకుండానే, ఒక్కోసారి బిందె ఎత్తినా, గట్టిగా దగ్గినా నలిగిపోతుంది, చాలామందికి అది విరిగిన సంగతే తెలియదు. మడమలు గోడకు ఆనించి నిటారుగా నిలబడినప్పుడు తల వెనుక భాగం గోడకు తగలకపోయినా, వయసులో ఉన్నప్పటి ఎత్తుకన్నా 4 సెంటీమీటర్లు లేదా అంతకు మించి తగ్గినా వెన్నెముకకు ఎక్స్‌రే తీయించాల్సిందే.

38వ ఏట గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా? మీరు రాయలేదు, చాలామందికి ఆ సంగతి తెలియదు కూడా. ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం ఇంట్లో ఉంటే వెతికి డాక్టర్‌కు చూపించండి. అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఎముక నుంచి కాల్షియం తరుగుదల ఆనాటి నుంచే వేగం పుంజుకుంటుంది. వాటిని ఉంచినా కొందరిలో అవి ముందుగానే పనిచేయడం మానేస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. ఆ ఆపరేషన్ తర్వాత ఎముకల గురించి ఒక్క మాటైనా చెప్పి పంపితే ఇప్పుడు నా దగ్గరకు వచ్చే సగం ప్రశ్నలు రాకపోవచ్చని తరచూ అనుకుంటాను.

చేయించాల్సిన ముఖ్య పరీక్ష నడుము, తుంటి భాగాల్లో ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్. అందులో టీ-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఎముకలు గుల్లబారాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ప్రమాణం పెట్టింది. ఉచిత శిబిరాల్లో మడమ మీద చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష ముప్పును అంచనా వేయడానికి పనికొస్తుందే గానీ, దాన్ని బట్టి జబ్బు ఉందనో లేదనో తేల్చకూడదు. మీది కనిగిరి ప్రాంతం అంటున్నారు కనుక ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారో కూడా డాక్టర్‌కు చెప్పండి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే వచ్చే ఫ్లోరోసిస్ ఉన్నవారిలో నడుము బిగుసుకుపోతుంది. స్కాన్‌లో ఎముక గట్టిగా ఉన్నట్టు కనిపించినా నిజానికి పెళుసుగా ఉండవచ్చు. రక్తంలో కాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), థైరాయిడ్, షుగర్, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించేది) వంటివి చూడటం అవసరం, ఇంకేవైనా అవసరమైతే మిమ్మల్ని పరీక్షించే డాక్టర్ నిర్ణయిస్తారు.

కాల్షియంలో కంపెనీ పేరు ముఖ్యం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నెలసరి ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. గ్లాసు జావలో మనం వేసే పిండి రెండు మూడు చెంచాలే కదా. కాబట్టి జావ మంచిదే, మానవద్దు, కానీ అదొక్కటే చాలదు. రోజూ రెండు పూటలా పాలు, పెరుగు, వారంలో కొన్నిసార్లు మునగాకు, ముల్లుతో తినగలిగే చిన్న చేపలు ఉంటే మాత్ర మీద ఆధారపడటం తగ్గుతుంది. స్ట్రిప్ మీద కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. దాన్ని భోజనం చేశాక వేసుకోవాలి, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలైనా దూరం ఉంచాలి. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి. విటమిన్ డి 60,000 యూనిట్ల సాషే ఇస్తే అది సాధారణంగా వారానికి ఒకటి, అదీ కొన్ని వారాలే. రోజూ వేసుకుని వాంతులతో, మతి తప్పి, కిడ్నీలు దెబ్బతిని ఆస్పత్రికి చేరినవారు ఉన్నారు.

జబ్బు నిర్ధారణ అయితే ఎముక తరుగుదలను ఆపే మందులున్నాయి. వారానికి ఒకసారి పరగడుపున వేసుకునేవి, ఏడాదికి ఒకసారి సెలైన్‌లో ఎక్కించేవి, ఆరు నెలలకోసారి ఇంజెక్షన్‌గా ఇచ్చేవి దొరుకుతున్నాయి. కిడ్నీల పనితీరు, దంతాల పరిస్థితి చూశాక ఏది తగునో డాక్టర్ ఎంపిక చేయాలి. పక్కింటావిడకు పని చేసిందని మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి.

పరీక్షలు పూర్తయ్యే వరకు ముందుకు వంగి బరువులు ఎత్తవద్దు, బిందెలు మోయడం పిల్లలకు అప్పగించండి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రిపూట దారిలో చిన్న లైటు పెట్టించండి. డాక్టర్ అనుమతిస్తే ఉదయం ఎండలో నెమ్మదిగా నడవవచ్చు. ఈలోగా కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరి ఎక్కినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, జ్వరంతో పాటు నడుము నొప్పి వచ్చినా, రాత్రిళ్లు నిద్రపట్టనంత నొప్పి ఉన్నా ఆరోజే ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ మొదటి మాటగా రెండేళ్లుగా తెల్ల మాత్ర వాడుతున్నట్టు చెప్పండి, మాత్రను కూడా చూపించండి.