సిరామిక్ బ్లాంకెట్ చుట్టిన స్టీల్ డబ్బా మంటల్లో హార్డ్ డిస్కుని కాపాడుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బ్యాకప్ హార్డ్ డిస్కులు, ఎస్‌ఎస్‌డీలు ఒక స్టీల్ డబ్బాలో పెట్టి, చుట్టూ సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్ మందంగా చుడితే అగ్నిప్రమాదాన్ని తట్టుకుంటాయా, లేక ఏరోజెల్ (గాలి నిండిన అతి సన్నని రంధ్రాలతో ఉండే తేలికపాటి ఇన్సులేషన్) కొనాలా? రెండిట్లో ఏది చుట్టినా అదొక్కటే సరిపోదు.

నేను హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసుల (లోహపు సరుకుని వేడి చేసి దాని గుణం మార్చే కొలిమిల) దగ్గర పనిచేస్తాను. సరుకు ఎంత వేడెక్కిందో రికార్డు చేయడానికి ఒక డేటా లాగర్‌ని సరుకుతో పాటే ఫర్నేసులోకి పంపుతాం. బయట 900 డిగ్రీలు (నేను చెప్పేవన్నీ సెల్సియస్సే), లోపల మెమరీ చిప్పు, బ్యాటరీ. మీ డిస్కుకి రాబోయే కష్టం మా లాగర్‌కి రోజూ ఉండేదే.

లాగర్‌ని పెట్టే పెట్టెకి బయట స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగు, దాని లోపల మైక్రోపోరస్ సిలికా (కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలున్న ఇన్సులేషన్) పలకలు ఉంటాయి. అందరి దృష్టీ ఆ పలకల మందం మీదే పడుతుంది. అవి వేడిని ఆలస్యం చేస్తాయి, అంతే. ఏ ఇన్సులేషనైనా చేసేది అదే. నెమ్మదిగానైనా లోపలికి చేరిన ఆ వేడిని ఎవరో ఒకరు మింగాలి. ఆ పని చేసేది లాగర్‌ని ఆనుకుని ఉండే హీట్ సింక్. లోహపు గుల్లలో మైనం లాంటి, తక్కువ వేడికే కరిగే పదార్థం నింపి సీలు చేసి ఉంటుంది. తర్వాత గ్రాఫ్ తీసి చూస్తే, లోపలి ఉష్ణోగ్రత గీత కాస్త పైకి వెళ్లి, కరిగే స్థాయి దగ్గర చదునుగా సాగుతుంది. లోపలిదంతా కరిగిపోయాక మళ్లీ చకచకా ఎక్కుతుంది. మనకి దొరికే టైమంతా ఆ చదును భాగంలోనే ఉంది.

లెక్క చూడండి. పారఫిన్ మైనం కిలో కరగడానికి సుమారు 200 కిలోజౌల్స్ తీసుకుంటుంది. ముప్పావు కిలో దాకా ఉండే పెద్ద హార్డ్ డిస్కుని మొత్తం అల్యూమినియమే అనుకున్నా, 30 నుంచి 60 డిగ్రీలకి ఎక్కించడానికి 20 కిలోజౌల్స్ చాలు. అంటే అరకిలో మైనం, డిస్కు తట్టుకోగలిగిన దానికి ఐదింతల వేడిని మింగేస్తుంది. కానీ మైనం మండుతుంది కాబట్టి సీలు చేసిన లోహపు గుల్లలోనే ఉండాలి, ఇన్సులేషన్‌కి లోపలి వైపునే ఉండాలి. విడి మైనం ముద్దలు డబ్బాలో పడేయకండి.

సిరామిక్ బ్లాంకెట్ మీద 1260 డిగ్రీలు అని ఉంటుంది చూడండి, అది బ్లాంకెట్ ఓపిక, లోపల ఉన్న వస్తువుది కాదు. హార్డ్ డిస్కు ఆఫ్‌లో ఉన్నప్పుడు సాధారణంగా 70 డిగ్రీల దాకా, ఎస్‌ఎస్‌డీ 85 దాకా ఓర్చుకుంటాయి. ఆ బ్లాంకెట్ కత్తిరించేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఏరోజెల్ కదలని గాలి కంటే కూడా తక్కువ వేడిని పోనిస్తుంది, చోటు తక్కువైతే మంచిదే. దాని బ్లాంకెట్లు మాత్రం సుమారు 650 డిగ్రీల వరకే. గది మొత్తం అంటుకుంటే ఏమవుతుందో పరీక్షించే ఫర్నేసులో అరగంటకే 840 డిగ్రీలు దాటుతుంది.

ఇక ఫైర్ సేఫ్‌ల సంగతి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మామూలు సేఫ్‌లు కాగితాల కోసం చేసినవి. సేఫ్‌లు మంటని ఎంత తట్టుకుంటాయో పరీక్షించే అమెరికా ప్రమాణం యూఎల్ 72లో క్లాస్ 350 అంటే లోపల 177 డిగ్రీలు దాటకూడదని (350 అనేది ఫారెన్‌హీట్). కాగితానికి అది చాలు, డిస్కు అప్పటికే పోయి ఉంటుంది. డేటా కోసం చూడాల్సింది క్లాస్ 125. అందులో పరిమితి 52 డిగ్రీలు, తేమ 80 శాతం. యూరప్ ప్రమాణం ఈఎన్ 1047-1 అయితే డీఐఎస్ (డేటా డిస్కుల కోసం అని గుర్తు) అని రాసి ఉన్నది చూసుకోండి.

తేమ మాట ఎందుకొచ్చిందంటే, చాలా సేఫ్‌ల గోడల్లో ఉండేది జిప్సం లేదా నీటిని పట్టి ఉంచే సిమెంటు మిశ్రమం. జిప్సం బరువులో అయిదో వంతు నీళ్లే. వేడి తగలగానే ఆ నీరు ఆవిరై బోలెడంత వేడిని పట్టుకుపోతుంది, చవకైన పదార్థాల్లో నాకు దీని మీదే గౌరవం ఎక్కువ. కానీ ఆ ఆవిరిలో కొంత లోపలికీ వస్తుంది. కాగితం చెమ్మగిల్లితే ఆరబెట్టుకోవచ్చు, సర్క్యూట్ బోర్డు మీద 100 డిగ్రీల ఆవిరి పడితే మాత్రం కష్టం.

కాబట్టి మీరే తయారు చేసుకుంటానంటే, నా వరుస ఇది: బయట స్టీల్, తర్వాత రెండు మూడు పొరల జిప్సం బోర్డు, దాని లోపల సిరామిక్ లేదా ఏరోజెల్, ఆ లోపల సిలికాన్ గాస్కెట్‌తో ఆవిరి చొరబడని లోహపు డబ్బా, అందులో సీలు చేసిన మైనం గుల్లలు, వాటి మధ్య డిస్కు. మూత చుట్టూ వేడికి ఉబ్బే ఇంట్యుమెసెంట్ పట్టీ వేయండి. గోడ ఎంత మందమున్నా సందు ఉంటే వృథా. పెట్టెని నేల మీదే ఉంచండి, మంటల్లో వేడంతా పైకప్పు దగ్గరే ఎక్కువ. నిజం చెప్పాలంటే, పరీక్షించి సర్టిఫై చేసిన డేటా సేఫ్ దొరికితే ఈ శ్రమంతా అక్కర్లేదు.

డిస్కుని ఆన్‌లో ఉంచే ఆలోచన ఉంటే మానుకోండి. ఇంత ఇన్సులేషన్ మధ్య తన వేడికి తనే ఉడికిపోతుంది.

ఇంకొకటి. మంట ఆరినా గోడల్లో నిలిచిన వేడి చాలాసేపు లోపలికి దిగుతూనే ఉంటుంది. మా లాగర్ అయితే ఫర్నేసు బయటికి రాగానే గ్లవ్స్ వేసుకుని గబగబా తీసేస్తాం. కాలిన సేఫ్‌తో అలా చేయకండి, గాలి తగిలి లోపలిది భగ్గుమనొచ్చు. పూర్తిగా చల్లారాకే తెరవండి. డిస్కు తడిసి ఉంటే కరెంటు ఇవ్వొద్దు, హెయిర్ డ్రయ్యర్ పట్టొద్దు. అలాగే ఓ కవర్లో మూసి డేటా రికవరీ వాళ్లకి ఇవ్వండి.