రోడ్డు ప్రమాదంలో మన తప్పు కూడా ఉంటే నష్టపరిహారం రాదా?

లారీ గుద్ది కాలు విరిగిందని, అయితే తనకు లైసెన్సు లేదు కనుక పరిహారం దక్కదని బీమా కంపెనీవారు అంటున్నారని ఒకరు అడిగారు. ఆ మాట నమ్మి క్లెయిము వదులుకోకండి.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షన్ కింద వేసిన క్లెయిములో బాధితుడి నిర్లక్ష్యం కొంత రుజువైనా పరిహారం మొత్తం పోదు. ఇలాంటి క్లెయిములు విచారించే ట్రిబ్యునల్ ముందుగా పూర్తి నష్టాన్ని లెక్కగట్టి, అందులో బాధితుడి తప్పు మేరకు మాత్రమే తగ్గిస్తుంది. నష్టం 10 లక్షల రూపాయలై, మీ తప్పు 30 శాతంగా తేలితే 7 లక్షలు వస్తాయి.

అయితే నిబంధన ఉల్లంఘించడం వేరు, ప్రమాదానికి కారణం కావడం వేరు. లైసెన్సు లేకపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదని 2008లో, బైకుపై ముగ్గురు ఎక్కినంత మాత్రాన పరిహారం తగ్గించరాదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బాధితుడిదే తప్పని వాదించే బీమా కంపెనీయే దాన్ని నిరూపించాలి.

వెనుక కూర్చున్న వ్యక్తి సంగతి వేరు: ఇద్దరు డ్రైవర్ల తప్పువల్ల అతను గాయపడితే, పూర్తి పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చు.

పోలీసుల పంచనామా, ఘటనాస్థలం స్కెచ్ నకళ్లు వెంటనే తీసుకోండి. లారీ ఏ పక్కకు వచ్చిందో చాలాసార్లు ఆ స్కెచ్చే చెబుతుంది.