బలహీన ఆమ్లం పీహెచ్ లెక్క ఎలా చెయ్యాలంటే

చిట్టితల్లికి ఆశీస్సులు.

బలహీన ఆమ్లం అని కనబడితే గాఢతకు నేరుగా లాగ్ తీయకు. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 1. అదే గాఢతలో ఎసిటిక్ ఆమ్లానికి 2.87. దాని అణువుల్లో నూటికి ఒకటిన్నర కూడా విడిపోవు. అందుకే ఆమ్లం ఎంత మేరకు విడిపోతుందో చెప్పే అయనీకరణ స్థిరాంకం కావాలి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 1.8 × 10⁻⁵.

విడిపోయిన గాఢతను ఎక్స్ అనుకో. హైడ్రోజన్ అయాన్లు ఎక్స్, ఎసిటేట్ అయాన్లూ ఎక్స్, మిగిలిన ఆమ్లం 0.1 − ఎక్స్. స్థిరాంకం = ఎక్స్² ÷ (0.1 − ఎక్స్). ఎక్స్ చిన్నదే కనుక హారంలో 0.1 ఉంచేయి. ఎక్స్² = 1.8 × 10⁻⁶, ఎక్స్ = 1.34 × 10⁻³. హైడ్రోజన్ అయాన్ల గాఢత లాగ్‌కు గుర్తు మార్చితే అదే పీహెచ్, 2.87. చాలామంది జారేది ఇక్కడే: వర్గమూలం మరిచి 5.74 రాసేస్తారు.

ఈఏపీసెట్‌లో కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి దగ్గరిదారి కూడా పట్టుకో. పీకేఏ, అంటే స్థిరాంకం లాగ్‌కు గుర్తు మార్చినది, 4.74. అందులోంచి గాఢత లాగ్ తీసేసి సగం చెయ్యి. 0.1 లాగ్ −1, కనుక (4.74 + 1) ÷ 2 = 2.87.

జవాబు రాగానే కలం కింద పెట్టకు. ఎక్స్‌ను మొదటి గాఢతతో భాగించి శాతం చూడు. 5 దాటకపోతే సరే, ఇక్కడ 1.34. 0.001 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి మాత్రం ఇదే ఉజ్జాయింపు లెక్కలో 13 దాటుతుంది, ఎందుకంటే పలచబడేకొద్దీ విడిపోయే వాటా పెరుగుతుంది. అప్పుడు హారంలో ఎక్స్‌ను వదిలెయ్యకూడదు. ఎక్స్² + 1.8 × 10⁻⁵ ఎక్స్ − 1.8 × 10⁻⁸ = 0 అనే వర్గ సమీకరణం సాధించు. ధన మూలం 1.25 × 10⁻⁴, పీహెచ్ 3.90. దగ్గరిదారిలో 3.87 వచ్చేది. ఆప్షన్లలో రెండూ ఉంటే ఈ తేడాయే మార్కు. క్లోరోఎసిటిక్ ఆమ్లానికైతే స్థిరాంకమే పెద్దది, 1.4 × 10⁻³. అక్కడ 0.1 మోలార్‌కే వర్గ సమీకరణం తప్పదు.

ప్రశ్నలో సోడియం ఎసిటేట్ కూడా ఉందేమో చూసుకో. ఉంటే అది బఫర్, అంటే పీహెచ్‌ను అంతగా మారనివ్వని ద్రావణం, ఈ పద్ధతి పనికిరాదు. గాఢత 10⁻⁷ దరిదాపులకు దిగితే నీటి అయాన్లనూ లెక్కలోకి తేవాలి.

ఇప్పుడు 5 శాతం వెనిగర్ లెక్క చెయ్యి. లీటరుకు 50 గ్రాముల ఆమ్లం, అణుభారం 60. పీహెచ్ 2.4 దగ్గర రావాలి. రాకపోతే గ్రాములను మోల్స్‌లోకి మార్చిన చోట ఒకసారి, వర్గమూలం దగ్గర ఒకసారి వెతుకు.

నీ బాబాయి