బొమ్మలో ఊరెక్కడుందో చూపించు

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం నిన్న రాత్రే చదివాను. మన చిత్రకారులు వడ్డాది పాపయ్య గారినీ అంట్యాకుల పైడిరాజు గారినీ కలిపి రాయాలన్న ఆలోచన మంచిదే. వాక్యం కూడా హాయిగా నడిచింది. కానీ పేజీకోసారి "ఈ మట్టి మహిమ" అన్నావు చూడు, అక్కడే నాకు పేచీ.

పైడిరాజు గారు 1919లో పుట్టారు, పాపయ్య గారు 1921లో. ఒకరిది విజయనగరం, ఒకరిది శ్రీకాకుళం. అదే ఎండ, అదే వాన, ఇంచుమించు అదే యాస. ఇద్దరూ పల్లె ఆడవాళ్లని గీశారు. అయినా రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే సంతకం చూడకుండానే ఎవరిదేదో చెప్పేయొచ్చు. ఇద్దరినీ ఈ మట్టే తయారుచేస్తే అంత తేడా ఎక్కణ్ణించి వచ్చింది? నీ వ్యాసం అక్కణ్ణించి మొదలవ్వాలి.

పాపయ్య గారికి బొమ్మల బడి ఇల్లే. తండ్రి రామ్మూర్తి గారు డ్రాయింగు మేష్టారు. రవివర్మ కోదండరాముడి బొమ్మని పసితనంలోనే చూసి గీశారని చెబుతారు. అంటే శ్రీకాకుళంలో కూర్చున్న పిల్లాడికి ఎక్కడో తిరువాన్కూరు మనిషి వేసిన బొమ్మ రెండో గురువైందన్నమాట. దీనికి ఒక్క వాక్యం ఇచ్చి, నాగావళి గట్టుకి పేజీ ఇచ్చావు!

పైడిరాజు గారు మద్రాసు వెళ్లి దేవీప్రసాద్ రాయ్ చౌదరి గారి దగ్గర చదువుకున్నారు. మెరీనా బీచిలో బండరాయిని కదిలిస్తున్న కూలీల విగ్రహం ఉందే, అది చేసినాయన. ఆయన గురువు అవనీంద్రనాథ్ ఠాగూర్. కలకత్తా విద్య మద్రాసు మీదుగా విజయనగరం చేరింది. చిత్రమేమిటంటే, అంత బరువైన చేతి కింద పని నేర్చుకున్న మనిషి తన బొమ్మల్లో ఆ కండలు పక్కనపెట్టి జానపదుల గీత పట్టుకున్నారు. గురువు దగ్గర తీసుకున్నదాంతో పాటు వదిలేసిందీ రాయి. నా మటుకు నాకు అదే ఎక్కువ రుచి.

పరిసరాలంటే ఏరూ కొబ్బరితోటలే అనుకోకు. పాపయ్య గారు చాలాకాలం కశింకోటలోనే ఉండి చందమామ, యువ పత్రికలకి బొమ్మలు వేశారు. సంపాదకుడి కోరిక, సంచిక గడువు, అచ్చు యంత్రం, ఇవన్నీ ఆయన పరిసరాలే. పాత పత్రిక అట్ట మీద మనం చూసేది ఆయన కలిపిన రంగు కాదు, అచ్చులో వడపోసుకుని వచ్చిన రంగు. "వపా" అంటే ఆయన పేరుకి పొట్టిరూపమే కదా, "వపా రంగులు" అని పొగిడే ముందు ఇది గుర్తుపెట్టుకో.

ఒక పని చెయ్యి. ఆయన వేసిన అట్ట ఒకటి ముందు పెట్టుకుని, ఆ అమ్మాయి ముఖం మీద కాయితం ముక్క కప్పెయ్యి. ముఖం మనల్ని మాయ చేస్తుంది. ఇప్పుడు చూడు: చీర కట్టు ఏది, కొంగు ఎటు దోపింది, కాలికి ఏముంది, వెనకున్న చెట్టు పేరు చెప్పగలవా, లేక అది రవివర్మ చెట్టా? మీ నాయనమ్మకి చూపించి, ఇలాంటి కట్టు ఎరుగుదువా అని అడుగు. అవునంటే శ్రీకాకుళం అక్కడుంది. కాదంటే అది పురాణంలోంచి వచ్చింది. అలాగే రాసెయ్యి, తప్పేం లేదు.

ఊరు నేరుగా బొమ్మలోకి దిగే చోటు కావాలంటే సీతంపేట ఏజెన్సీకి వెళ్లు. అక్కడి సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు. గోడా రంగూ రెండూ అక్కడివే. కాకపోతే అది పెద్దల్నీ దేవతల్నీ పిలిచి వేసే బొమ్మ, అలంకారం అని రాశావంటే ఊరుకోను.

ఇక మీ ఊరి చిత్రకారుణ్ణి కలుస్తానన్నావు. "గురువుగారు మీకేం నేర్పారు" అని మాత్రం అడక్కు, ఉపన్యాసం వస్తుంది. ఏ బొమ్మ చెరిపేయమన్నారు, కుంచె లాక్కుని ఎక్కడ దిద్దారు, అప్పట్లో రంగులు ఏ ఊర్లో కొనేవారు అని అడుగు. జవాబు చెబుతూ ఆయన గాల్లో గీత గీస్తారు. నోటిమాట తరవాతైనా రాసుకోవచ్చు, ముందు ఆ చెయ్యి చూడు.

నాగావళి పేజీ తీసెయ్యమన్నానని అలగకు. దాచుకో, వేరేదానికి పనికొస్తుంది. తిరగరాసింది సిరిమాను పండగ లోపు పంపు. పండగొచ్చిందంటే ఇంటినిండా చుట్టాలు, నాకు కాయితం పట్టే తీరిక ఉండదు.

మీ మేష్టారు