టూరు బండికి ఇన్సూరెన్సు, వారంటీ: అల్లుడికి రాసిన ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు. బండి ఫోటోలు చేరాయి. విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్ వ్యాన్ కొని, వెనక సీట్లు తీయించి, మంచం, ఫ్రిజ్, ఇన్వర్టరు, పైన సోలార్ పలకలు పెట్టించావు. దేవమాలి, దారింగిబాడి, గోపాల్‌పూర్ అని వరుస కూడా వేసేసుకున్నావు. చాలా సంతోషం. కానీ ఉత్తరం చివర "ఇన్సూరెన్సు ఉంది, పాత ఓనరు కట్టిన ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా ఉంది, ఇంక భయం లేదు" అని రాశావు చూడు, ఆ మాటకి నాకు భయం వేసింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు ఒకటి తెలుసుకో. ఇన్సూరెన్సు వేరు, వారంటీ వేరు. గుద్దుకోవడం, మంటలు, దొంగతనం, వరద, తుఫాను, కొండచరియ విరిగిపడటం, అల్లర్లు, అంటే బయటినుంచి వచ్చి పడే దెబ్బ ఇన్సూరెన్సుది. నడుస్తూ నడుస్తూ గేరుబాక్సు పోవడం, ఇంజెక్టరు చెడటం లాంటి లోపలి రోగం వారంటీది. క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, బెల్టులు, బల్బులు, రబ్బరు గొట్టాలు అరిగి పోతే రెండూ ఇవ్వవు, అది నీ జేబుదే. నీ బండికి ఇంకో వాటాదారు కూడా ఉన్నాడు: లోపల పని చేసిన బాడీ షెడ్డు వాడు. వాడు బిగించినదాన్ని బండి కంపెనీ తనది అనదు. కాబట్టి ఏ పని చేశాడో, ఎన్నాళ్లు పూచీ ఇచ్చాడో లెటర్‌హెడ్ మీద రాయించి, జీఎస్టీ బిల్లుతో కలిపి తీసుకో. నోటిమాట పూచీ నమ్మకు.

ఇప్పుడు అసలు సంగతి. కాగితాల్లో ఉన్న బండి, నీ ఇంటి ముందున్న బండి ఒక్కటేనా? ఫోటోలు చూస్తే నాకు నాలుగు చోట్ల తేడా కనిపిస్తోంది.

మొదటిది పేరు. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ పూచీ, అంటే నీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం తాలూకు భాగం, చట్టప్రకారం కొత్త ఓనరుకి దానంతటదే వస్తుంది. బండికి తగిలిన దెబ్బ తాలూకు భాగం, అదే ఓన్ డ్యామేజి, అలా రాదు. 14 రోజుల్లోపు ఇన్సూరెన్సు కంపెనీకి అర్జీ పెట్టి పాలసీ నీ పేరుకి మార్పించుకోవాలి. ఆర్‌సీ నీ పేర, పాలసీ పాత ఓనరు పేర ఉంటే క్లెయిము అక్కడే ఆగిపోతుంది. పాత ఓనరు సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము పెట్టని ఏడాదులకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అతనితోనే పోతుంది, ఆ తేడా డబ్బు నువ్వు కట్టాలి. కట్టెయ్, దాని దగ్గర బేరం వద్దు. వారంటీ కూడా దానంతటది నీ పేరుకి రాదు. డీలరు దగ్గర బండి చూపించి, మార్పు కాగితం రాయించుకోవాలి.

రెండోది ఊరు. ఆంధ్రా నంబరు బండిని నువ్వుండే రాయగడలో 12 నెలలు దాటి ఉంచితే ఒడిశా నంబరు వేయించాలి. అక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్‌ఓసీ, అదే అభ్యంతరం లేదనే కాగితం, తెచ్చుకో, ఇక్కడ రోడ్డు టాక్సు కట్టి కొత్త నంబరు తీసుకో, ఆ నంబరు పాలసీలో ఎక్కించు. సరిహద్దులో ఉన్నవాళ్లం కదా, అటూ ఇటూ తిరుగుతూ "మనదే కదా" అనుకుని దీన్ని వదిలేస్తుంటారు.

మూడోది సీట్లు. ఆర్‌సీలో ఎన్ని సీట్లని రాసి ఉందో చూడు. సీట్లు తీసి మంచం వెయ్యడం అంటే బండి రూపం మార్చడమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌టీవో అనుమతి కావాలి, మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. నీకు పని చేసిన షెడ్డు వాడు "ఎవరూ అడగరు సార్" అని చెప్పే ఉంటాడు. రోడ్డు మీద ఎవరూ అడగకపోవచ్చు. నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్సు కంపెనీ పంపే సర్వేయరు మాత్రం అడుగుతాడు.

నాలుగోది లోపలి సామాను. ఫ్యాక్టరీ ధరలో లేని కరెంటు వస్తువులు, అంటే ఇన్వర్టరు, లిథియం బ్యాటరీ, ఫ్రిజ్, టీవీ, సోలార్ పలకలు, పాలసీలో విడిగా విలువ వేసి రాయిస్తేనే లెక్కలోకి వస్తాయి. పాత మోటారు టారిఫ్, అంటే ఒకప్పుడు కంపెనీలన్నిటికీ ఒకటే ఉన్న ధరల పట్టీ, లెక్కన దీనికి విలువ మీద 4 శాతం ప్రీమియం. 1,50,000 రూపాయల సామానుకి ఏడాదికి 6,000 అన్నమాట. మంచం, అలమరాల్లాంటి కరెంటు లేనివాటి విలువ బండి విలువలో కలిపించు. బట్టలు, కెమెరా, లాప్‌టాప్ మోటారు పాలసీలోకి రావు.

ఇంకో మాట. బండి ప్రైవేటు పేర ఉంది. స్నేహితులకే అయినా సరే, ఒక్క ట్రిప్పు కూడా అద్దెకి ఇవ్వకు. అద్దె ట్రిప్పులో దెబ్బ తగిలితే పాలసీ అక్కరకు రాదు. దూరం వెళ్లాలనుకుంటే ఇదీ గుర్తుంచుకో: నేపాల్, భూటాన్ వెళ్లేముందు అదనపు ప్రీమియం కట్టి పాలసీ పొడిగించుకోవాలి.

డబ్బు లెక్క ఎలా కోస్తారో చెప్తాను, కాగితం పెన్నూ తెచ్చుకో. బండికి రెండేళ్లు దాటి మూడేళ్లు నిండలేదు అనుకో, ఘాట్‌లో ముందు భాగం గుద్దుకుంది. ప్లాస్టిక్ బంపరు 18,000, హెడ్‌లైటు 12,000, ఇనుప తలుపు 20,000, అద్దం 8,000, రంగు 16,000, కూలి 10,000. మొత్తం 84,000. మామూలు పాలసీలో పార్టులు పాతబడ్డాయని కొంత కోస్తారు, దాన్నే డిప్రిసియేషన్ అంటారు. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి సగం కోత. బంపరుకి 9,000, లైటుకి 6,000 వస్తాయి. ఆ వయసు బండికి ఇనుముకి 15 శాతం కోత, తలుపుకి 17,000. అద్దానికి కోత లేదు. రంగు బిల్లులో నాలుగో వంతుని సరుకు అనుకుని దానిలో సగం కోస్తారు, 14,000 వస్తుంది. కూలి పూర్తిగా ఇస్తారు. అంతా కలిపితే 64,000. 1500 సీసీ దాటిన ప్రైవేటు బండికి తప్పనిసరి కోత 2,000 పోను చేతికి 62,000. మిగతా 22,000 నీది. ఆ కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ అదనంగా తీసుకుంటే ఆ 22,000లో దాదాపు అంతా తగ్గుతుంది, 2,000 మాత్రం నువ్వే పెట్టుకోవాలి. నీ బండికి ప్లాస్టిక్, ఫైబరు ఎక్కువ. ఫైబరుకి 30 శాతం కోత. అందుకే జీరో డిప్ దొరికినన్నాళ్లూ వదలొద్దని నా మాట.

అలాగని ప్రతి గీతకీ క్లెయిము పెట్టకు. బోనస్ మొదటి ఏడాది 20 శాతం, తర్వాత 25, 35, 45, 50. నీ ఓన్ డ్యామేజి ప్రీమియం 24,000 అయి, వచ్చే ఏడాది 45 శాతం రావలసి ఉంటే, ఒక్క క్లెయిముతో 10,800 పోయినట్టే. ఆ తర్వాత మళ్లీ 20 నుంచే ఎక్కాలి. పది పన్నెండు వేల లోపు దెబ్బకి సొంత డబ్బు పెట్టుకోవడమే లాభం. పాలసీ గడువు దాటిన 90 రోజుల్లోపు కట్టకపోయినా బోనస్ పోతుంది.

విడిగా డబ్బు కట్టి పాలసీకి కలుపుకునే యాడ్ ఆన్‌లలో మన ప్రాంతానికి నేను ముఖ్యమనేది ఇంజిన్ ప్రొటెక్టు, అంటే నీరు వెళ్లి పాడైన ఇంజిన్‌కి పూచీ. అక్టోబరు అంటే మనకి తుఫాను నెల. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ ఆ నెలలోనే వచ్చాయి. తిత్లీకి మన గజపతి జిల్లా ఎంత నలిగిందో నీకు నేను చెప్పక్కర్లేదు. నీట మునిగిన బండికి పాలసీ వస్తుంది. కానీ నీళ్లలో ఆగిన బండిని "ఒకసారి చూద్దాం" అని సెల్ఫ్ కొడితే, గాలి గొట్టంలోంచి నీరు సిలిండరులోకి వెళ్తుంది. నీరు గాలిలా నలగదు, పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దాన్ని వరద నష్టం అనరు, నువ్వు చేసుకున్నది అంటారు. కాబట్టి తాళం ముట్టుకోకు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పు. సీటుమీద, డాష్‌బోర్డుమీద నీటిచార ఎక్కడిదాకా వచ్చిందో ఫోటో తీయ్. బండిని లారీ మీద ఎక్కించి తరలించు, తాడు కట్టి ఈడ్పించకు.

టోయింగ్ సంగతి కూడా చూసుకో. మామూలు ప్రైవేటు పాలసీలో బండిని షెడ్డుకి చేర్చడానికి ఇచ్చేది 1,500 రూపాయలే. దేవమాలి కొండ నుంచి కిందికి దించడానికి ఆ డబ్బు ఏ మూలకూ చాలదు. రోడ్ సైడ్ అసిస్టెన్స్ తీసుకో, కొనేముందే ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితమో, నీ బండి అంత బరువున్నదానికి వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకో.

బరువు అంటే గుర్తొచ్చింది. నీళ్ల ట్యాంకు నింపి, సామాను పెట్టి, మనుషులతో సహా ఒకసారి కాటా వేయించు. 100 లీటర్ల ట్యాంకు అంటే 100 కిలోలు. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు దాటితే స్ప్రింగు పట్టీలు, బేరింగులు పోయినప్పుడు వారంటీ వాళ్లు ఓవర్‌లోడ్ అని తప్పుకుంటారు. కాటా చీటీ దాచుకో.

వారంటీ నిలబడేది సర్వీసు మీదే. పుస్తకంలో రాసిన కిలోమీటర్లు లేదా నెలలు, ఏది ముందొస్తే అదే గడువు. ప్రతి సర్వీసుకీ జాబ్ కార్డు మీద తేదీ, మీటరు రీడింగు ఉండాలి. ఇన్వర్టరుకి బండి వైరింగులోంచి కోసి కరెంటు తీయనివ్వకు. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేసి విడి లైను లాగించు. ఫ్యాక్టరీ వైరు ఒక్కటి కోసినట్టు కనిపించినా కరెంటు సంబంధమైన వారంటీ అంతా తప్పించుకుంటారు. ఆయిల్ లైటు వెలిగితే "ఇంకో పది కిలోమీటర్లే కదా" అనకు. చిన్న సీలు కారడం వారంటీలో ఉండొచ్చు. కారుతుండగా నడిపి ఇంజిన్ పట్టేస్తే అది ఉండదు.

పైకప్పు విషయం మరీ మరీ చెప్తున్నాను. సోలార్ పలకలకి, గాలి కిటికీకి పైన కన్నాలు పెట్టారు. ఆ సీలెంటు ఎండకి చిట్లి, నీరు మెల్లగా ప్లైవుడ్డులోకి దిగుతుంది. ఇది ప్రమాదం కాదు కాబట్టి ఇన్సూరెన్సు ఇవ్వదు, కన్నం తాము పెట్టలేదు కాబట్టి బండి కంపెనీ ఇవ్వదు. వానలు మొదలవక ముందే మే నెలలో పైప్‌తో ఇరవై నిమిషాలు పైన నీళ్లు కొట్టి, లోపల మూలల్లో చేత్తో నొక్కి చూడు. ప్లైవుడ్డు మెత్తగా తగిలినా, అంచు ఉబ్బినా వెంటనే విప్పించి మళ్లీ సీలు వేయించు. వంటింటి 14.2 కిలోల సిలిండరు మాత్రం బండిలో పెట్టకు. ఇండక్షన్ పొయ్యితో సరిపెట్టుకో.

దెబ్బ తగిలిన రోజు చేయవలసింది: మనుషుల్ని చూసుకున్నాక, బండి కదపకముందు నాలుగు మూలల ఫోటోలు, నంబరు ప్లేటు, మీటరు, చాసిస్ నంబరు తీయ్. ఘాట్‌లో సిగ్నల్ ఉండదు, అందిన మొదటి చోటినుంచే ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పి క్లెయిము నంబరు రాసుకో. ఎదుటివాళ్లకి దెబ్బలు తగిలినా, దొంగతనమైనా ఎఫ్‌ఐఆర్ తప్పదు, దాని కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఒడియాలో ఉంటే వెంటనే ఇంగ్లీషు అనువాదం చేయించి పెట్టు. సర్వేయరు చూడకుండా ఒక్క బోల్టు విప్పనివ్వకు. పాత పార్టులు సెటిల్మెంటు అయ్యేదాకా పారేయించకు. దొంగతనమైతే రెండు తాళాలూ అడుగుతారు, ఒకటి పోయినట్టయితే ఇప్పుడే చెప్పి కాగితం చేయించు.

క్లెయిము కాదంటే కారణం రాతపూర్వకంగా అడుగు. కంపెనీ ఫిర్యాదు విభాగానికి రాసి నెల రోజులు చూసి, తర్వాత ఏడాదిలోపు భువనేశ్వర్‌లోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి గొడవలు తేల్చే అధికారికి, పంపు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఇన్సూరెన్సు కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదు నంబరు 155255. వారంటీ గొడవకి మాత్రం దారి వేరు: వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్, లేదా రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వెయ్. నువ్వున్న ఊళ్లోనే వేయొచ్చు, విశాఖ తిరగక్కర్లేదు.

ముందు ఈ వారంలో పేరు మార్పు అర్జీ పెట్టు, 14 రోజుల గడువులో ఇప్పటికే కొన్ని అయిపోయాయి. దసరాకి వచ్చేటప్పుడు పాలసీ షెడ్యూలు, ఆర్‌సీ, వారంటీ పుస్తకం, షెడ్డు బిల్లు తీసుకురా. ఇద్దరం కూర్చుని ఒక్కో లైను సరిచూద్దాం. అమ్మాయికి, పిల్లలకి ఆశీస్సులు.

మీ మావయ్య