మిద్దెతోటలో తుంపర గొట్టాలకు ఏ సోలెనాయిడ్ వాల్వ్ వాడాలి, ఎలా బిగించాలి?

సోలెనాయిడ్ వాల్వ్ అంటే కరెంటుతో పనిచేసే నీటి కవాటం; దాని మీద ఉండే తీగచుట్టే కాయిల్. ముందుగా నీరు ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోండి. చౌకగా దొరికే వాల్వులలో చాలావరకు పైలట్ రకం. నీటి ఒత్తిడే వాటి లోపలి పొరను పైకి లేపాలి కాబట్టి కొంత కనీస ఒత్తిడి లేకపోతే అవి సరిగా తెరుచుకోవు. 10 మీటర్ల నీటి ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. మూడు మీటర్ల ఎత్తు ట్యాంకుతో వచ్చే 0.3 బార్‌ను నమ్ముకుంటే చిక్కే. అక్కడ సున్నా ఒత్తిడిలోనూ తెరుచుకునే డైరెక్ట్ యాక్టింగ్ రకం (కాయిలే నేరుగా తెరిచేది) కావాలి. అయినా అంత తక్కువ ఒత్తిడితో తుంపర రాదు, బొట్లే పడతాయి, పంపు తప్పదు. పంపు గరిష్ఠ ఒత్తిడికి తట్టుకుంటుందని వాల్వు మీద రాసి ఉందో లేదో చూడండి.

కరెంటు పోతే మూసుకునే రకమే తీసుకోండి. డీసీ కాయిల్ అయితే దాని రెండు కొసల మధ్య ఒక డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చే చిన్న భాగం) పెట్టాలి, గీత ఉన్న కొస ప్లస్ వైపు. ఇది మరిచిపోతే వాల్వును నడిపే కంట్రోలర్‌లోని ట్రాన్సిస్టర్ (స్విచ్‌లా పనిచేసే భాగం) కాలిపోవచ్చు.

బిగించేటప్పుడు బాణం గుర్తు నీరు పారే దిక్కుకు, కాయిల్ పైకి ఉండాలి. వాల్వుకు ముందు ఫిల్టర్ తప్పనిసరి: ఇసుక రేణువు ఒక్కటి చాలు, వాల్వు కారుతూనే ఉంటుంది. వాల్వును నాజిళ్లకు (తుంపర వచ్చే మూతులకు) దగ్గరగా పెడితే ఆపిన తర్వాత కారే బొట్లు తగ్గుతాయి.